కండువా పిలుపు

శోణపురంలో కోటగోడలు ఎరుపు, మేడలు ఎరుపు, వీధుల్లో పరిచిన బండలు ఎరుపు. మిట్టమధ్యాహ్నం ఎండ పడేసరికి నగరమంతా అప్పుడే కొలిమిలోంచి తీసి పెట్టినట్లు ధగధగలాడుతుంది. రాజగోపురం అంచుల్లో పగడాలతో చెక్కిన చిలుకలు గాలి వీచినప్పుడల్లా రెక్కలు విదిలిస్తాయి. వీధి మలుపుల్లో నిలిపిన చంద్రకాంత స్తంభాల నుంచి పట్టపగలే చల్లని నీటిబొట్లు రాలుతుంటాయి. దేశదేశాల వర్తకులు ఆ వైభవం చూసి నోరు తెరుచుకుని నిలబడిపోతారు. మధురగిరి చిన్న రాకుమారుడు మణికేతుడికి మాత్రం ఆ పూట అవేవీ కంటికి ఆనలేదు. అతను చూస్తున్నది తూర్పు ద్వారాన్ని.

అతని ఒంటిమీద పాములవాడి వేషం ఉంది. ముఖానికి మసి, మెడలో గవ్వల దండ, చేతిలో నాగస్వరం, భుజాన కండువా, దానిమీద వెదురుబుట్ట. బుట్టలో ఒక త్రాచు, త్రాచు చుట్టల కింద గరళహారి మణి. ఆ ఉదయమే అతను కోశాగారం పైకప్పు తొలిచి, తాడు పట్టుకుని లోపలికి దిగాడు. కాపలా ఉన్న రాతిభటుడు కత్తి ఎత్తేలోగా వాడి నొసట గీసిన యంత్రాన్ని చేత్తో చెరిపేశాడు. వాడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఉండగా మణిని కాజేసి, వచ్చిన దారినే పైకి పాకాడు. వీధిలో భటులు అందరి మూటలూ విప్పించి చూస్తున్నారు. ఇతని బుట్ట మూత కూడా తీశారు, పడగ చూశారు, మర్యాదగా మూసేశారు. పాము కింద చెయ్యి పెట్టి వెతికేటంత రాజభక్తి ఏ భటుడికీ ఉండదు.

ద్వారం ఇక నాలుగడుగుల్లో ఉందనగా నగారా మోగింది. తలుపులు ధడాలున మూసుకున్నాయి. ఎవరికో మరణశిక్షట. అది తేలేదాకా ఊళ్ళో పురుగైనా బయటికి పోరాదట. భటులు వీధిలో ఉన్న జనాన్నంతా నాలుగు వీధుల కూడలికి తోలారు. మణికేతుడు గుంపులో కలిసి, పేలాలు అమ్ముకునే ఒక ముసలమ్మ పక్కన నిలబడ్డాడు. ఆమె పేరు సంకమ్మ అని, నా అన్నవాళ్ళు ఎవరూ లేని మనిషని, అటూ ఇటూ ఉన్నవాళ్ళ మాటలవల్ల తెలిసింది.

అతని తొందరకు కారణముంది. మధురగిరి మహారాజు గంభీరసింహుడు వేటలో నీలిపాము కాటు తిని, ఒళ్ళంతా నీలంగా మారి, రాయిలా పడి ఉన్నాడు. అమావాస్యలోగా గరళహారిని నుదుట తాకిస్తేనే కళ్ళు తెరుస్తాడని రాజవైద్యులు చెప్పారు. మాట పడిపోయేముందు మహారాజు ఒక పొరపాటు చేశాడు. మణి తెచ్చినవాడిదే కిరీటమన్నాడు. ఆ మాటతో అంతఃపురం రెండు ముక్కలైంది. చిన్నరాణి తన కొడుకు మణికేతుణ్ణి చాటుకు పిలిచి, వేటలో రాజుగారి పక్కనే ఉన్న నీ అన్నను పాము ఎందుకు కరవలేదో ఆలోచించుకోమంది. ఆలోచించుకోవలసినవాడు ఆలోచించకుండా నమ్మేశాడు. అన్న రణధీరుడు పెద్దరాణి కొడుకు. తల్లులు వేరైనా, మణికేతుడికి గుర్రమెక్కడం నేర్పింది, ఈత నేర్పింది, జ్వరమొస్తే తల దగ్గర కూర్చున్నది అతనే.

మధురగిరిలో ఒక ఆచారం ఉంది. తమ్ముడన్నవాడు అన్న ఎదుట చెప్పులతో నిలబడడు. అన్న వస్తున్నాడంటే కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోంచి బయటికి వస్తాయి. యుద్ధభూమిలోనైనా అంతే. బయలుదేరిన రోజున మణికేతుడు నిండు సభలో అన్న ఎదురుగా చెప్పులు తొడుక్కునే నిలబడి, తండ్రిని పాముకు అప్పగించినవాడితో తనకు మాటలేమిటన్నాడు. సభ్యులు తలలు దించుకున్నారు. రణధీరుడు ఆ చెప్పులవైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ఇప్పుడు కూడలిలో ఎర్రబండ మీదికి పట్టపుటేనుగును తెచ్చి నిలిపారు. దాని వెనక సంకెళ్ళతో ఖైదీ వచ్చాడు. తలపాగా లేదు, జుట్టు చెదిరి ముఖం మీద పడింది, పెదవి చిట్లి రక్తం కారుతున్నది. అయినా ఎవరింటికో చుట్టపుచూపుగా వస్తున్నట్లు నిదానంగా నడిచి వస్తున్నాడు. ఆ నడక మణికేతుడికి తెలుసు.

వచ్చింది రణధీరుడు.

చాటింపు వేసేవాడు నేరం చదివాడు. కోశాగారంలో దొంగ జారవిడిచిన బాకు దొరికింది. దాని పిడిమీద గండభేరుండం చెక్కి ఉంది. ద్వారం దగ్గర పట్టుబడ్డ ఈ పరదేశి మొలలోనూ సరిగ్గా అటువంటి బాకే ఉంది. రెండూ నీవేనా అని అడిగితే నావేనని ఒప్పుకున్నాడు. మణి ఎక్కడ అంటే మాత్రం నోరు విప్పడం లేదు.

గండభేరుండం మధురగిరి రాజముద్ర. మణికేతుడు అప్పటికి గాని నడుము తడుముకోలేదు. ఒర ఖాళీగా ఉంది.

పక్కనున్న సంకమ్మ అతని కాళ్ళవైపు చూస్తున్నది.

“ఎవరబ్బాయ్ ఆయన? నీకేమవుతాడు?” అని మెల్లిగా అడిగింది.

“ఏమీ కాడవ్వా.”

“మరి ఇంత ఎండలో చెప్పులెందుకు విడిచావు?”

మణికేతుడు తలవంచి చూసుకున్నాడు. చెప్పులు పక్కపక్కన ఉన్నాయి, పాదాలు కాలుతున్న బండ మీద ఉన్నాయి. ఎప్పుడు విడిచాడో అతనికే తెలియదు. చెప్పుల్లో ఇసుక పడిందని గొణిగి మళ్ళీ తొడుక్కోబోయాడు. ఇంతలో జనం ముందుకు తోసుకురావడంతో చెప్పులు వెనక ఉండిపోయాయి.

శోణపురానికి రాజు పేరుకే ఉన్నాడు. పెత్తనమంతా కాలజంఘుడనే మాంత్రికుడిది. పొడుగాటి కాళ్ళు, బొగ్గు రంగు అంగరఖా, మెడలో గద్దగోళ్ళ హారం. అతను వేదిక మీద నుంచి చెయ్యి ఊపగానే ఏనుగు ముందరి కాలు ఎత్తబోయింది. కాని జనంలో గొణుగుడు పుట్టింది. కాలజంఘుడు ముఖం చిట్లించి, సరే, కండువా పిలుపు కానివ్వండన్నాడు. ఆ ఊరి జనం ఎంత దోపిడీనైనా సహిస్తారు గాని, ఆ ఒక్క ఆచారం జోలికి వెళితే తిరగబడతారని అతనికి తెలుసు.

ఆచారం ఇది. శిక్ష పడ్డవాడు ఎంత పాపి అయినా, వాడికంటూ లోకంలో ఒక మనిషి మిగిలి ఉన్నాడేమోనని మూడుసార్లు పిలిచి అడగాలి. రక్తబంధువు ఎవరైనా ముందుకొచ్చి, వరస పెట్టి చెప్పి, తన మీది గుడ్డ తీసి ఖైదీ భుజాన కప్పితే ప్రాణం దక్కుతుంది. ఆపైన ఇద్దరినీ కట్టుబట్టలతో పడమటి ఎడారిలో వదిలేస్తారు. వరస నిజమా కాదా తేల్చడానికి కూడలిలోనే సాక్షిగుండం ఉంది. గుండం అడుగున ఒక రాతిమొసలి పడుకుని ఉంటుంది. బంధం విషయంలో అబద్ధమాడినవాడి చెయ్యి ఆ నీళ్ళలో పడితే దానికి ప్రాణం వస్తుంది.

సంకమ్మ ఇదంతా మణికేతుడికి ఓపిగ్గా చెప్పింది. అతను అడగలేదు. అయినా చెప్పింది.

చాటింపు వేసేవాడు కర్ర పైకెత్తి పిలిచాడు.

“ఇతనికి ఎవరైనా ఉన్నారా?”

రణధీరుడి చూపు జనం మీదుగా తిరుగుతూ పాములవాడి దగ్గర ఆగింది. మసి పూసిన ముఖం వెనక తమ్ముణ్ణి పోల్చుకోవడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు. బుట్టవైపు చూశాడు, అర్థం చేసుకున్నాడు. వెంటనే తల పక్కకు తిప్పుకుని, అనవసరంగా గొంతు చించుకోవద్దని, తనకు ఎవరూ లేరని చాటింపు వేసేవాడికి చెప్పాడు.

మణికేతుడి చెయ్యి కండువా మీదికి వెళ్ళి ఆగిపోయింది. ముందుకు వెళితే బుట్ట వదులుకోవాలి. బుట్ట వదిలితే తండ్రి బతకడు. ఇది నిజమైన కారణమే. ఇక్కడితో ఆగితే మన రాకుమారుణ్ణి మనం క్షమించవచ్చు. కాని దాని వెనకే ఇంకో ఆలోచన నక్కి నక్కి వచ్చింది. అన్న ఇక్కడే పోతే కిరీటానికి అడ్డెవరూ ఉండరని. ఆ ఆలోచనను అతను పిలవలేదు. వచ్చినదాన్ని వెళ్ళగొట్టనూ లేదు. మసి కింద అతని ముఖం సిగ్గుతో మండిపోయింది. మండినా కాళ్ళు కదలలేదు.

రెండో పిలుపూ గాలిలో కలిసిపోయింది. సంకమ్మ అతనివైపు చూసింది. అతను నాగస్వరం రంధ్రాలు లెక్కపెడుతున్నట్లు తల దించుకున్నాడు. మూడో పిలుపు పూర్తవుతుండగా ఆమె పేలాల చాటను అతని చేతుల్లో పెట్టింది.

“ఇది చూస్తుండు. ఆమాత్రానికైనా పనికొస్తావుగా” అంది.

తలమీద ఎండకు కప్పుకున్న చిరుగుల ముసుగుగుడ్డ తీసి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వెళ్ళి, ఏనుగు కాళ్ళ మధ్యనుంచి దూరి, రణధీరుడి భుజాన కప్పింది. నా కొడుకయ్యా అంది. ఆమెకు పిల్లల్లేరని ఊరందరికీ తెలుసు. కాలజంఘుడు పడీపడీ నవ్వాడు. ఈ వయసులో ఈ అబద్ధం ఎందుకని అడిగాడు.

“అన్నేసిసార్లు పిలుస్తుంటే ఒక్కరూ పలకకపోతే ఎట్టాగయ్యా? మనిషిగదా” అంది సంకమ్మ.

పిలుపుకు జవాబొచ్చింది గనక ఆచారం ప్రకారం ద్వారం కాసేపు తెరిచారు. జనమంతా గుండంవైపు పరుగెత్తారు. మణికేతుడు చాటను ఒక అరుగు మీద పెట్టి, ఎవరూ చూడకుండా ద్వారం దాటేశాడు.

బయట చింతతోపులో రెండు గుర్రాలు కట్టేసి ఉన్నాయి. ఒకటి అన్నగారి నల్లగుర్రం, పేరు మేఘం. రెండోదాన్ని చూసి అతను ఆగిపోయాడు. అది తన గుర్రమే. చీకటికోనలో రాయి గుచ్చుకుని కుంటుతుంటే, దానితో కాలయాపన ఎందుకని, పులులున్న అడవిలో వదిలేసి వచ్చిన గుర్రం. ఇప్పుడు దాని గిట్టకు పసరు మందు పూసి కట్టు కట్టి ఉంది. కట్టింది రణధీరుడి తలపాగా పట్టుతో. వెనక వస్తూ దారిలో దీన్ని చూసి, తమ్ముడు ఈ అడవిలో కాలినడకన పోయాడని భయపడి, కుంటిగుర్రాన్ని నడిపించుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడన్నమాట. వచ్చి, ద్వారం దగ్గర తమ్ముడి కోసం వాకబు చేసి, తమ్ముడి దొంగతనానికి పట్టుబడ్డాడు.

గుర్రం అతని భుజం మీద ముట్టె ఆనించింది. మణికేతుడు దాని ముఖంలోకి చూడలేకపోయాడు. సొంత గుర్రం ముఖంలోకి చూడలేనివాడు రేపు సభలో జనం ముఖాల్లోకి ఏం చూస్తాడు? అప్పుడు తెలిసింది అతనికి అరికాళ్ళు బొబ్బలెక్కాయని.

ఆ తర్వాత అతను చేసిన పనులన్నీ చకచకా జరిగిపోయాయి. మేఘం ఎంత కీకారణ్యంలో వదిలినా సొంత సాలకు దారి వెతుక్కునే గుర్రం. బుట్టను దాని జీనుకు బిగించి కట్టాడు. బుట్టలో త్రాచు బుస్సుమంది. మణికి అంతకన్నా మంచి కాపలా దొరకదు. గుర్రం చెవిలో మధురగిరి పేరు చెప్పి వీపు మీద చరిచాడు. అది దుమ్ము రేపుకుంటూ తూర్పుకు దూసుకుపోయింది. ఇంత తేలికైన ఉపాయం కూడలిలో నిలబడినప్పుడు ఎందుకు తట్టలేదో అతనికి తెలుసు. గుర్రం ఒంటరిగా వెళితే మణి తెచ్చినవాడు ఎవరూ ఉండరు, కిరీటమూ ఎవరికీ రాదు.

అతను వెనక్కి పరుగెత్తాడు. మూసుకోబోతున్న తలుపుల సందులోంచి దూరాడు. అడ్డొచ్చిన భటుణ్ణి నాగస్వరంతో మోకాటి మీద ఒకటిచ్చి, మరొకడి ఈటె పట్టుకుని ఎగిరి, జనం భుజాల మీదుగా గుండం గట్టున పడ్డాడు. కాలజంఘుడు సంకమ్మ ముంజేయి పట్టి నీళ్ళమీదికి వంచుతున్నాడు. మణికేతుడు తన కండువా తీసి రణధీరుడి భుజాన, ఆ చిరుగుల గుడ్డ మీదనే కప్పాడు.

“అవ్వను వదలండి. ఇతను నా అన్న రణధీరుడు. మణి దొంగిలించింది నేను” అన్నాడు. చెప్పేటప్పుడు తల ఎత్తలేదు.

కాలజంఘుడు నిజమా అని ఖైదీని అడిగాడు.

“ఈ పాములవాణ్ణి నేనెన్నడూ చూడలేదు. ఎవరో మతి చలించినవాడు. పంపేయండి” అన్నాడు రణధీరుడు.

ఆ మాట మణికేతుడికి కొరడా దెబ్బలా తగిలింది. అన్న తనను కాపాడడానికే అన్నాడని తెలిసినా తగిలింది. తన నోటి నుంచి అదే మాట ఇంతకుముందే వచ్చింది, కాపాడుకున్నది మాత్రం తనను తానే.

అప్పుడు సంకమ్మ చెయ్యి విడిపించుకుని కూడలి మధ్యకు వేలు చూపించింది. “అవిగో, అవి ఎవరివో చూడండయ్యా. నిన్ను తీసుకురాగానే విడిచాడు నాయనా ఈ పిల్లాడు. నేను కళ్ళారా చూశాను.”

జనం తప్పుకున్నారు. ఎర్రబండల మీద ఒక చెప్పుల జత కనిపించింది. రణధీరుడు వాటివైపు చాలాసేపు చూశాడు. సభలో చూసిన చెప్పులు ఇవే. అతను తమ్ముడివైపు తిరిగాడు.

“నిజంగా విడిచావుట్రా?”

“తెలియకుండా విడిచానన్నా. తెలిశాక మళ్ళీ తొడుక్కోబోయాను.”

రణధీరుడు ఇక బుకాయించలేకపోయాడు. కాలజంఘుడు చప్పట్లు చరిచాడు. పెద్దవాడు నిర్దోషి అని తేలింది కనుక సంకెళ్ళు తీసేయమన్నాడు. అసలు దొంగను ఏనుగు ముందుకు లాగి, మళ్ళీ మొదటినుంచీ పిలుపు కానివ్వమన్నాడు. మణికేతుణ్ణి ఎర్రబండ మీద మోకరిల్లబెట్టారు. అన్నవైపు చూసే ముఖం అతనికి లేదు. రావద్దనే మనసులో కోరుకున్నాడు. చాటింపు వేసేవాడు కర్ర ఎత్తాడు.

“ఇతనికి ఎవరైనా...”

పిలుపు పూర్తికానే లేదు. మణికేతుడి భుజాన బరువుగా ఏదో పడింది. తన కండువాయే. దానిమీద అన్న చెయ్యి.

“నా తమ్ముడు” అన్నాడు రణధీరుడు.

తను మూడు పిలుపులూ మింగేసిన చోట అన్న ఒక్క పిలుపు కూడా ముగియనివ్వలేదు. మణికేతుడు జనమంతా చూస్తుండగా చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు.

ఏడవడానికి కూడా కాలజంఘుడు తీరిక ఇవ్వలేదు. మణి ఎక్కడుందో చెప్పమన్నాడు. అది ఈపాటికి నీ చేతికి అందనంత దూరం పోయిందని మణికేతుడు చెప్పగానే, అతను పిడికెడు బూడిద గాలిలోకి ఊదాడు. బూడిద రెండు నల్లని రాబందులై తూర్పుదిక్కుగా, మేఘం వెళ్ళిన దారినే ఎగిరిపోయింది. ఆపైన ముసలిదాని సంగతి తరవాత చూద్దామని, అన్నదమ్ముల చేతులు గుండంలో పెట్టించమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఇద్దరూ గట్టున పక్కపక్కన వంగారు. రణధీరుడు తమ్ముడి చెయ్యి పట్టుకుని, రెండు చేతులూ కలిపి నీళ్ళలో ముంచాడు. రక్తసంబంధం నిజమే గనక భయమేముందని ఎవరో అన్నారు. నీళ్ళు చల్లగా, అద్దంలా కదలకుండా ఉన్నాయి.

అడుగున రాతిమొసలి కన్ను తెరిచింది. రాతిచర్మం మీద నాచు పగిలి, బుడగలు పైకి వచ్చాయి. బంధం లేకున్నా ఉందన్నవాళ్ళ కోసమే అది లేస్తుందని ఇంతకాలం ఊరనుకున్నది. బంధం ఉండీ లేదన్నవాళ్ళ కోసం కూడా లేస్తుందని ఎవరికీ తెలియదు. అది మెల్లిగా తల ఎత్తి చూస్తున్నది అన్నవైపు కాదు, మణికేతుడివైపే.

“అన్నా, నా చెయ్యి వదిలెయ్. అది నా కోసమే వస్తున్నది. నువ్వు ఏమవుతావని అవ్వ అడిగితే, ఏమీ కాడన్నాను.”

“నేనూ నిన్ను ఎరగనన్నానుగా.”

“నువ్వన్నది నా కోసం. నేనన్నది నా కోసమే.”

మొసలి దవడలు తెరుచుకుని పైకి లేచాయి. గుండం నీళ్ళు సుడి తిరిగి గట్టు మీద పొర్లాయి. రణధీరుడు పట్టు ఇంకా బిగించాడు.

“తెలుసురా. చెయ్యి మాత్రం తియ్యకు” అన్నాడు.